మా తమ్ముడిది బద్ధకమా, నిరుత్సాహమా?

ప్రశ్న (రాయగడ):
డిగ్రీ అయ్యాక తమ్ముడు రైల్వే పరీక్షలు బాగానే చదివి రాశాడు, రాలేదు. ఇప్పుడు నోటిఫికేషన్ వచ్చిందన్నా ఫారం నింపడు, "నింపి ఏం లాభం అక్కా" అంటాడు. నాన్నగారు బద్ధకం అంటున్నారు, పిన్ని డిప్రెషన్ అని డాక్టర్‌కి చూపించమంటోంది. తింటాడు, పడుకుంటాడు, సాయంత్రం క్రికెట్‌కీ వెళ్తాడు. వాడితో ఎలా మాట్లాడాలో తెలియట్లేదు.

జవాబు (గుణుపురం):
చదివి, రాసి, ఆగిపోయినవాణ్ణి బద్ధకస్తుడు అనకండి అక్కా, అది నిరుత్సాహం. డిప్రెషన్ అయితే కనీసం రెండు వారాలు రోజులో ఎక్కువసేపు దిగులుగానో దేనిమీదా ఆసక్తి లేకుండానో ఉంటారు, చాలామందికి నిద్ర, ఆకలి కూడా మారతాయి. క్రికెట్ ఆడుతున్నాడు కదా అని పూర్తిగా ధీమా వద్దు. బతకడం దండగ లాంటి మాట ఒక్కటి విన్నా వెంటనే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి, ఉచితం.

జవాబు (పర్లాకిమిడి):
పని దొరకదని వెతకడమే మానేసినవాళ్ళని చాలా దేశాల లెక్కల్లో నిరుద్యోగుల కింద కూడా రాయరు, ఇంట్లోనూ అంతే, అడగడం మానేశాడు కాబట్టి వాడికి అక్కర్లేదనుకుంటాం. ఒడిశా సరిహద్దులో ఉన్న మన తెలుగు పిల్లలకి ఇంకో బాధ ఉంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా చదివి ఉండాలంటారు, ఆంధ్రాకి వెళ్తే లోకల్ కాదంటారు, మధ్యలో చుట్టాలు "మనకెక్కడ వస్తుందిలే" అని ఉన్న ఆశ కూడా తీసేస్తారు. వాడి నిరుత్సాహంలో సగం నిజమే ఉంది, ముందు అది ఒప్పుకోండి. రైల్వే పరీక్ష మాత్రం తెలుగులోనే రాయొచ్చు, ఆ దారి మూసుకుపోలేదు.

ఇంకో మాట. మా ఇంట్లో గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పేవారు, వినికిడి పోయినా సవర భాష పని వదల్లేదని, 1938లో నిఘంటువు తెచ్చారని. ఆయనంటే ప్రాణం మాకు. కానీ కుంగి ఉన్న కుర్రాడికి ఇప్పుడు చెబితే ఇంకా చిన్నబోతాడు. దానికంటే స్కోర్ కార్డు తీసి కటాఫ్‌కి ఎన్ని మార్కులు తగ్గాయో పక్కన కూర్చుని చూడండి. రెండు మూడు మార్కులైతే ఒక మాట, ఇరవై అయితే వేరే పరీక్ష ఆలోచించాలి.

రాయగడ:
ఆ కార్డు మేం ఎప్పుడూ తీయలేదండీ, ఇప్పుడు దొరుకుతుందా?

పర్లాకిమిడి:
వాడి రిజిస్ట్రేషన్ నంబర్‌తో ఆర్‌ఆర్‌బీ (రైల్వే నియామక బోర్డు) సైట్‌లో లాగిన్ అవ్వండి. కొన్నాళ్ళే ఉంచుతారు, ఈరోజే చూడండి.