బడి, సైన్యం, చట్టసభ: సేవ చేసినందుకే ఓటు వేయాలా?

టెక్సాస్ ఓటరు:

గత శనివారం ఒక అభ్యర్థి మా తలుపు తట్టారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. టెక్సాస్ ప్రతినిధుల సభకు మా నియోజకవర్గం నుంచి మార్చి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, నిలబడుతున్నారు. ప్రభుత్వ బడిలో ఇరవై ఏడేళ్లు లెక్కలు చెప్పారు. పాఠాలు చెబుతూనే, రాష్ట్రానికి చెందిన రిజర్వు సైనిక దళమైన నేషనల్ గార్డులోనూ పనిచేసి, రెండు ఉద్యోగాల నుంచీ పదవీ విరమణ చేశారు. మా పాప నా వెనక నుంచి తొంగిచూస్తే పేరు అడిగారు. చెప్పింది. ఆయన ఒకసారి పలికి, "సరిగ్గా అన్నానా?" అని అడిగారు. దాని పేరులో 'జ్ఞ' ఉంది, అక్కడే తడబడ్డారు. మళ్లీ చెప్పించుకున్నారు. మూడోసారికి నోరు తిరిగింది. హాజరు పట్టీ పట్టుకున్న చేయి అని అప్పుడే తెలిసిపోయింది.

ఆయన ఇచ్చిన కార్డు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఒకవైపు యూనిఫారంలో ఉన్న పాత ఫోటో. దాని కింద, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో, ఈ ఫోటో వేసినంత మాత్రాన రక్షణ శాఖ మద్దతు ఉన్నట్టు కాదని ఒక వాక్యం. రెండోవైపు నల్లబల్ల ముందు నిలబడిన ఫోటో, 'జీవితమంతా సేవ' అన్న పెద్ద అక్షరాలు. బడుల నిధుల గురించి గానీ, వోచర్ల (ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు) గురించి గానీ, ఆస్తి పన్ను గురించి గానీ ఒక్క మాట లేదు.

మా ఆవిడ ఆయనకే ఓటు అని తేల్చేసింది. నాకు ఔననడానికి మనసు ఒప్పడం లేదు, కాదనడానికి నోరు రావడం లేదు. బడిలో, సైన్యంలో గడిపిన ఏళ్లను చట్టసభకు అర్హతగా లెక్కలోకి తీసుకోవాలా? లేక అది జీతం తీసుకుని చక్కగా చేసిన ఉద్యోగం మాత్రమేనా?

పంతులుగారి అమ్మాయి:

తీసుకోవాలి. ఆకలితో వచ్చిన పిల్లవాడు మధ్యాహ్నానికి చిన్న కూడిక కూడా ఎందుకు చేయలేడో టీచరుకు ఎవరూ నివేదిక రాసి చెప్పనక్కర్లేదు. ఉదాహరణ మీ రాష్ట్రంలోనే ఉంది. లిండన్ జాన్సన్ 1928లో కాలేజీ చదువు మధ్యలో ఆపి, కొటుల్లాలో మెక్సికన్ అమెరికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పారు. దేశాధ్యక్షుడై, 1965 మార్చి 15న ఓటు హక్కు చట్టం కోసం కాంగ్రెస్ ముందు మాట్లాడినప్పుడు ఆ పిల్లలనే తలచుకున్నారు. వాళ్లు తరచూ ఉదయం ఏమీ తినకుండా వచ్చేవారని చెప్పారు. నెల తిరగకముందే, ఏప్రిల్ 11న, తాను చిన్నప్పుడు చదివిన బడి దగ్గర, తన మొదటి టీచరును పక్కన కూర్చోబెట్టుకుని, పేద పిల్లల బడులకు కేంద్ర నిధులు ఇచ్చే విద్యా చట్టం మీద సంతకం చేశారు. కొటుల్లాలో గడిపినది ఏడాది లోపే. మీ ఇంటికి వచ్చిన ఆయన ఇరవై ఏడేళ్లు గడిపారు.

గార్డులో పనిచేసినవాడిని:

అమ్మా, మీరు చెప్పిన కథకు రెండో సగం ఉంది. అదే జాన్సన్ 1942లో కాంగ్రెస్ సభ్యుడిగా ఉంటూనే నౌకాదళ అధికారిగా పసిఫిక్‌కు వెళ్లారు. జూన్‌లో న్యూగినీ వైపు వెళ్లిన ఒక బాంబరు విమానంలో పరిశీలకుడిగా ఎక్కారు. ఆ ఒక్క ప్రయాణానికే యుద్ధంలో ధైర్యానికి ఇచ్చే సిల్వర్ స్టార్ పతకం దక్కింది. ఆ విమానం అసలు లక్ష్యం దాకా వెళ్లిందా లేదా అన్నది ఇప్పటికీ తెగని వాదన. ఆయన మాత్రం ఆ పతకం గుర్తును కోటుకు పెట్టుకునే ఎన్నికల్లో తిరిగారు. ఒకే మనిషి! బడి అనుభవం చట్టమైంది, సైనిక అనుభవం అలంకారమైంది.

నాకు ఈ విషయంలో కోపం ఉంది, దాచుకోను. కాలిఫోర్నియాలో జేవియర్ అల్వరెజ్ అనే ఆయన ఒక నీటి సరఫరా జిల్లా బోర్డుకు ఎన్నికై, 2007లో తొలి సమావేశంలోనే తాను మెరైన్ దళంలో 25 ఏళ్లు చేశానని, దేశంలోకెల్లా గొప్ప సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని చెప్పుకున్నారు. సైన్యంలో ఒక్క రోజూ లేరు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళితే, 2012లో కోర్టు ఆ అబద్ధాన్ని శిక్షించే చట్టాన్నే కొట్టేసింది. 2013లో వచ్చిన కొత్త చట్టం డబ్బు, ఆస్తి లాంటి లాభం కోసం చేసిన మోసాన్నే పట్టుకుంటుంది. ఉత్త గొప్పలు దాని కిందికి రావు. కాబట్టి సరిచూసుకోవలసింది ఓటరే. పూర్తికాలం సైన్యంలో చేసినవారికి డీడీ-214 అనే విడుదల పత్రం ఉంటుంది, గార్డులో చేసినవారికి ఎన్‌జీబీ-22. చూపించమని అడగండి, అందులో తప్పేమీ లేదు. నిజంగా చేసినవాడు నొచ్చుకోడు.

ఒక్క మాట మాత్రం ఆయన వైపు చెబుతాను. యుద్ధాలు కేంద్రం చేతిలో ఉన్నా, గార్డు మామూలు రోజుల్లో గవర్నరు చేతి కింద ఉంటుంది. 2021 మార్చిలో మొదలైన ఆపరేషన్ లోన్ స్టార్ కింద వేలమందిని మెక్సికో సరిహద్దు కాపలాకు పంపారు. ఆ ఖర్చును ఆమోదించేది మీ చట్టసభే. ఉద్యోగం, పిల్లలు, అద్దె అన్నీ వదిలి నెలల తరబడి గుడారంలో ఉండటమంటే ఏమిటో తెలిసినవాడు ఆ కమిటీ గదిలో ఒకడైనా ఉండాలి.

లెక్కల మనిషి:

మీరంతా సేవ గురించే మాట్లాడుతున్నారు. నేను జీతం గురించి మాట్లాడతాను, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది.

టెక్సాస్ చట్టసభ సభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. ఏడాదికి 7,200. ఇది రాష్ట్ర రాజ్యాంగంలో 1975 నుంచి కదలకుండా ఉన్న అంకె. సమావేశాలున్న రోజులకు భత్యం వేరుగా ఇస్తారు. బేసి సంవత్సరాల జనవరిలో మొదలై 140 రోజుల దాకా సభ నడుస్తుంది. పోటీ చేయడం కష్టం కాదు: 750 డాలర్లు కట్టాలి, లేదా 500 సంతకాలు తేవాలి. గెలిచాక బతకడమే కష్టం. జనవరి నుంచి మే చివరి దాకా రాజధాని ఆస్టిన్‌లో ఉంటానంటే ఏ యజమాని సెలవు ఇస్తాడు? నర్సుకు ఇస్తారా? లారీ డ్రైవరుకు ఇస్తారా? ఉద్యోగంలో ఉన్న టీచరైతే సగం విద్యా సంవత్సరం తరగతి వదిలేయాలి. అందుకే అక్కడికి చేరేది సొంత కార్యాలయం ఉన్న లాయరు, వ్యాపారి, ఆస్తిపరుడు. న్యూ హాంప్‌షైర్ ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ 400 మంది ప్రతినిధులు, ఏడాదికి 100 డాలర్లు. 1889 నుంచి అంతే.

మధ్యతరగతి మనిషి ఈ గడప దాటగల దారి దాదాపు ఒక్కటే: నెలనెలా వచ్చే పెన్షన్. అందుకే మీ కార్డు మీది మనిషిని నేను వేరుగా చూస్తున్నాను. పాత సేవకు ప్రతిఫలంగా ఓటు ఇవ్వమనను. ఆ సేవకు జీతం ఇచ్చారు, పెన్షన్ ఇస్తున్నారు, అక్కడికి లెక్క సరిపోయింది. కానీ సుమారు 1,94,000 మందికి ఒక ప్రతినిధి ఉన్న సభలో, కిరాణా బిల్లు చూసి కొనుక్కునే ఇంటి నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆయన అక్కడికి వెళ్లగలరు, చాలామంది వెళ్లలేరు. నా దృష్టిలో ఆయనకున్న అసలు బలం యూనిఫారం కాదు, ఇదే.

పన్ను కట్టేవాడిని:

పెన్షన్ తీసుకునే మనిషే పెన్షన్ బిల్లు మీద ఓటు వేస్తాడు. దీన్ని బలం అంటారా?

లెక్కల మనిషి:

అడగవలసిన ప్రశ్నే. టెక్సాస్ రిటైర్డ్ టీచర్లకు ధరలతో పాటు దానంతటదే పెరిగే పెన్షన్ లేదు. పైగా చాలా బడి జిల్లాల్లో టీచర్ల జీతంలో కేంద్రం నడిపే వృద్ధాప్య పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీకి కోత కూడా లేదు, కాబట్టి అటునుంచి వచ్చేది తక్కువ. 2023లో పెంపు ఇచ్చినప్పుడు సభ ఒప్పుకోవడంతో సరిపోలేదు. రాజ్యాంగ సవరణగా నవంబరులో ప్రజల ముందుకే తెచ్చారు, ప్రజలు ఒప్పుకున్నారు. రిటైరైన సంవత్సరాన్ని బట్టి 2, 4, 6 శాతం. ఇక ఆయన మాజీ సైనికుడు కూడా. మాజీ సైనికులకు, వాళ్ల పిల్లలకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు మినహాయించే హేజిల్‌వుడ్ చట్టమూ సభ చేతిలోనిదే. అయితే లాయర్లు కోర్టుల చట్టాల మీద, ఇళ్ల వ్యాపారులు ఆస్తి పన్ను మీద ఓటు వేయడం లేదా? సొంత ప్రయోజనం లేని మనిషి కోసం వెతికితే దొరకడు. ఏ ప్రయోజనం ఉందో ముందే బయటపెట్టిన మనిషిని వెతకండి.

ఇంకొకటి. ప్రైమరీని తేలిగ్గా తీసుకోవద్దు. 2023 నవంబరులో వోచర్ల ప్రతిపాదనను ప్రతినిధుల సభ 84-63 ఓట్లతో తీసేసింది. 21 మంది రిపబ్లికన్లు అందుకు ఓటు వేశారు. వాళ్లలో పలువురు 2024 ప్రైమరీల్లో ఓడిపోయారు. 2025లో వంద కోట్ల డాలర్ల వోచర్ల చట్టం వచ్చింది. మీరు వోచర్లకు అటున్నా ఇటున్నా సరే, విషయం తేలింది పార్టీలు తలపడే నవంబరు ఎన్నికలో కాదు, ప్రైమరీలోనే. కార్డు మీద వోచర్ల మాట లేదన్నారే, నన్నడిగితే అదే అన్నిటికన్నా పెద్ద లోటు.

పంతులుగారి అమ్మాయి:

పెన్షన్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పేరు మూడుసార్లు పలికిన సంగతిని మీరెవరూ లెక్కలో వేయలేదు. నేను వేస్తాను.

టెక్సాస్ ఓటరు:

కార్డు మీది నంబరుకు ఫోను చేశాను. ఆయనే ఎత్తారు. మూడు ప్రశ్నలు అడిగాను.

బడుల నిధుల గురించి: ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగి, 2025లో 55 డాలర్లు మాత్రమే పెరిగిందని కాగితం చూడకుండా చెప్పారు. ఈలోపు ధరలు ఎంత పెరిగాయో నన్నే లెక్క కట్టమన్నారు. వోచర్ల గురించి సూటిగా చెప్పారు. ఆయన అభిప్రాయం నాది కాదు. కార్డు మీద ఎందుకు వేయలేదంటే, వేయవద్దని ప్రచారం చూసేవాళ్లు అన్నారని, వాళ్ల మాట వినడం తన తప్పేనని అన్నారు.

గార్డు సేవ గురించి అడిగితే ఎన్‌జీబీ-22 ప్రతి పంపిస్తానన్నారు, సాయంత్రానికి పంపించారు. రెండుసార్లు విదేశాలకు వెళ్లారట. రెండుసార్లూ సరఫరా విభాగమే. "నేను తుపాకీ పేల్చిన సందర్భం లేదు, ఎవరైనా ఉందని చెబితే నమ్మవద్దు" అన్నారు. పెన్షన్ బిల్లు వస్తే తన నెల పెన్షన్ ఎంతో సభలో చెప్పాకే ఓటు వేస్తానన్నారు.

మా ఆవిడ పక్కనే కూర్చుని అంతా విన్నది. ముందస్తు ఓటింగ్‌కు ఇంకా పన్నెండు రోజులుంది. ప్రత్యర్థికి కూడా అవే ప్రశ్నలు పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.