టౌన్ కౌన్సిల్‌కి మనం కట్టే డబ్బు దేనికి? గుంత పూడ్చరు, చెత్త తియ్యరు

థేమ్స్‌ఒడ్డున
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో రెడింగ్ పక్కనే ఒక చిన్న టౌన్‌లో ఈమధ్యే ఇల్లు కొనుక్కుని దిగాం. మొన్న కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) బిల్లు వచ్చింది. బరో కౌన్సిల్ (మా ప్రాంతం మొత్తానికీ ఉన్న పెద్ద కౌన్సిల్), పోలీసు, ఫైర్, అంతవరకు సరే, ఆ కింద టౌన్ కౌన్సిల్ అని ఇంకో లైను. రెడింగ్ లోపల ఉండే మా ఫ్రెండ్ బిల్లులో అసలు ఆ లైనే లేదు. సరే, కడుతున్నాం కదా అని మా వీధి మలుపులో గుంత గురించి వాళ్లకే మెయిల్ పెడితే, రోడ్లు మా పరిధి కాదు, బరోకి చెప్పండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. చెత్త బిన్ గురించి అడిగినా అదే మాట. మరి వీళ్లు చేసేదేంటి? పైగా దీనికో మేయర్ కూడా ఉన్నారట! మన దగ్గర మున్సిపాలిటీ అంటే నీళ్లు, రోడ్లు, చెత్త, ఇంటి ప్లాన్, అన్నీ ఒకేచోట. ఇక్కడ దేనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక బుర్ర వేడెక్కిపోతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బెజవాడ_బాబాయ్
మున్సిపాలిటీతో పోల్చుకోవడం దగ్గరే వచ్చింది తిరకాసంతా. పేరులో టౌన్ ఉన్నా చట్టం లెక్కలో అది పారిష్ కౌన్సిలే, అంటే ఊరి స్థాయిలో ఉండే అన్నిటికన్నా చిన్న కౌన్సిల్. చర్చి చేతిలో ఉన్న ఊరి పనులను 1894 చట్టంతో ఎన్నికైన పారిష్ కౌన్సిళ్లకు అప్పగించారు. తర్వాత 1972 చట్టంలో ఇంకో వెసులుబాటు ఇచ్చారు. ఏ పారిష్ కౌన్సిలైనా ఒక తీర్మానం చేసుకుని ఇకనుంచి మాది టౌన్ అనేయొచ్చు, దాంతో ఛైర్మన్‌గారు టౌన్ మేయర్ అయిపోతారు. అధికారాలు మాత్రం అవే. మన ఉగాది ఫంక్షన్లకు మెడలో గొలుసు వేసుకుని వచ్చి జ్యోతి వెలిగించే మేయర్లలో చాలామంది వీళ్లే. మే నెలలో తోటి కౌన్సిలర్లు ఏడాదికి ఎన్నుకుంటారు, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఉంటుంది, అంతకుమించి సొంతంగా పది పౌండ్ల పని కూడా శాంక్షన్ చేయలేరు.

ఇంగ్లండ్ మొత్తంలో ఇలాంటివి 10,000 దాకా ఉన్నాయి కానీ అన్నిచోట్లా ఉండవు. రెడింగ్‌లో లేవు, అందుకే మీ ఫ్రెండ్ బిల్లులో ఆ లైను లేదు. నార్తాంప్టన్‌లో అయితే 2021లో పాత బరో కౌన్సిల్‌ని రద్దు చేసి పెద్ద కౌన్సిల్‌లో కలిపేటప్పుడు, ఊరికంటూ ఒకటి ఉండాలని కొత్తగా టౌన్ కౌన్సిల్ పెట్టారు.

రోడ్లు, బడులు, చెత్త, ప్లానింగ్ పర్మిషన్ మీ బరోవి. పార్కులు, పిల్లల ఆటస్థలాలు, అలాట్‌మెంట్లు (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న స్థలాలు), శ్మశానం, బస్ షెల్టర్లు, కమ్యూనిటీ హాలు, పబ్లిక్ టాయిలెట్లు టౌన్ కౌన్సిల్ చేతిలో ఉండొచ్చు. ఉండొచ్చు అనే అంటున్నా, ఎందుకంటే వీటిలో చాలావరకు చేయగలరు తప్ప చేసి తీరాలని లేదు. అందుకే ఒక ఊళ్లో బోలెడు పనులు, పక్క ఊళ్లో నోటీసు బోర్డూ నాలుగు బెంచీలూ.

ఎంకేలో_పద్మ
బాబాయ్ గారు చెప్పినదానికి కాస్త కలుపుతాను. మిల్టన్ కీన్స్‌లో ప్రతి ఏరియాకీ ఒక పారిష్ కౌన్సిలో టౌన్ కౌన్సిలో ఉంది. మా దగ్గర అలాట్‌మెంట్ కోసం తిరుగుతూ మీటింగులకు వెళ్లడం అలవాటైంది. (గోంగూర బయట నేలలో రాదండీ, గ్రీన్‌హౌస్ ఉండాల్సిందే. తోటకూర, మెంతికూర బాగా వస్తాయి.) అలాట్‌మెంట్లు లేని ఊళ్లో ఆరుగురు ఓటర్లు కలిసి రాతపూర్వకంగా అడిగితే కౌన్సిల్ ఆ విషయం పరిశీలించి తీరాలి, 1908 నుంచీ ఉన్న చట్టం అది.

మీటింగ్ ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మధ్యలో ఛైర్, పక్కనే కాగితాల కట్టతో క్లర్క్, అటూ ఇటూ కౌన్సిలర్లు, వెనక వరసలో ఖాళీ కుర్చీలు. మొదట్లోనే జనం మాట్లాడ్డానికి టైమ్ ఇస్తారు, మనిషికి మూడు నిమిషాలో ఎంతో వాళ్ల రూల్స్‌ని బట్టి. కానీ మీరు ఆవేశంగా చెప్పినంత మాత్రాన అప్పటికప్పుడు ఏదీ తేలదు. అజెండాలో లేని విషయం మీద నిర్ణయం తీసుకుంటే అది చట్టప్రకారం చెల్లదు, ఆ అజెండాని ఆదివారాలు, బ్యాంక్ సెలవులు కలపకుండా మూడు పూర్తి రోజుల ముందే బయటపెట్టాలి. అందుకని రెండు మూడు వారాల ముందే క్లర్క్‌కి మెయిల్ పెట్టి, ఫలానా విషయం అజెండాలో పెట్టండి అని అడగండి. చాలామంది కౌన్సిలర్ చుట్టూ తిరుగుతారు, పని జరిగేది మాత్రం క్లర్క్ దగ్గర. క్లర్క్ జీతం తీసుకునే ఉద్యోగి, కౌన్సిల్ మొత్తానికి జవాబుదారీ. ఏ ఒక్క కౌన్సిలరూ ఆ మనిషికి ఆర్డర్లు వేయడానికి లేదు.

ఇంకోటి, మీ పక్కింటివాళ్లు ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేస్తే టౌన్ కౌన్సిల్ అభిప్రాయం అడుగుతారు, నిర్ణయం మాత్రం బరోదే. పార్కింగ్ ఇబ్బంది, వెలుతురు తగ్గడం, మన కిటికీలోకి చూపు పడటం లాంటివి చెప్తే లెక్కలోకి వస్తాయి. మా ఇంటి రేటు పడిపోతుంది అంటే ఎవరూ పట్టించుకోరు.

సూటిమాట
ఇదంతా వినడానికి బాగుంది గానీ నా దృష్టిలో దండగ. పెద్ద కౌన్సిళ్లు ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటి ట్యాక్స్ పెంచాలంటే రెఫరెండం పెట్టి జనం ఓటు అడగాలి. టౌన్ కౌన్సిళ్లకు ఇప్పటిదాకా అలాంటి పరిమితే లేదు. పూలకుండీలకి, క్రిస్మస్ లైట్లకి పెంచుకుంటూ పోతే అడిగే నాథుడేడి? సగం సీట్లకి పోటీ కూడా ఉండదు మా వైపు.

బెజవాడ_బాబాయ్
@సూటిమాట పరిమితి లేదన్నది నిజం, పోటీ ఉండదన్నదీ నిజమే. కానీ అడగడానికి దారి లేదంటే మాత్రం ఒప్పుకోను బ్రో. వీళ్ల ప్రధాన ఆదాయం ప్రీసెప్ట్. బడ్జెట్ వేసుకుని ఈ ఏడాది మాకింత కావాలి అని జనవరిలో బరోకి చెప్తారు, బరో ఆ మొత్తాన్ని మన బిల్లులో కలిపి వసూలు చేసి ఇస్తుంది. ఉదాహరణకి ప్రీసెప్ట్ 5 లక్షల పౌండ్లు, ఊళ్లో డి బ్యాండ్ (ఇంటి విలువను బట్టి పన్ను వేసే తరగతుల్లో ఒకటి) లెక్కన 10,000 ఇళ్లు అనుకుందాం, డి బ్యాండ్ ఇంటికి ఏడాదికి 50 పౌండ్లు. ఏప్రిల్‌లో బిల్లు చూసి తిట్టుకుంటే లాభం లేదు, అప్పటికే అయిపోయింది. నవంబరు నుంచి జనవరి దాకా జరిగే బడ్జెట్ మీటింగులకు వెళ్లి అడగాలి. పైగా ఏటా జులై మొదటి పది పనిదినాలూ కలిసేలా 30 పనిదినాలు లెక్కల పుస్తకాలు, బిల్లులు మనం చూడొచ్చు. ఓటరైతే బయటి ఆడిటర్‌కి అభ్యంతరం కూడా పంపొచ్చు. పూలకుండీలకి ఎంత పోసారో చూసొచ్చి ఇక్కడ పెట్టు, మేమూ చదువుతాం.

థేమ్స్‌ఒడ్డున
థాంక్యూ అందరికీ. గుంత ఫొటో తీసి బరో సైట్‌లో పెట్టేశా, రిఫరెన్స్ నంబర్ వచ్చింది. ఇంకో డౌట్. మా టౌన్ కౌన్సిల్ నోటీసు బోర్డు మీద ఒక సీటు ఖాళీ అని కాగితం అంటించి ఉంది. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే నాది. మనలాంటివాళ్లు నిలబడొచ్చా, లేక ఓటు వరకేనా?

ఎంకేలో_పద్మ
ఓటుకైతే ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి ఏ వీసా మీద ఉన్నా రిజిస్టర్ చేసుకోవచ్చు. బూత్‌లో ఫొటో ఐడీ అడుగుతారు, ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. పోటీకి మాత్రం ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉండాలి, 18 నిండాలి, ఆ ఊళ్లో ఓటరై ఉండాలి. లేదా ఏడాదిగా అక్కడ ఉద్యోగం చేస్తూనో, ఊరికి మూడు మైళ్ల లోపల నివసిస్తూనో ఉన్నా సరిపోతుంది. డిపాజిట్ లేదు. జీతం ఆశించకండి, చాలాచోట్ల అలవెన్స్ కూడా ఇవ్వరు.

ఖాళీ నోటీసు పడ్డాక 14 పనిదినాల్లో పదిమంది ఓటర్లు ఎన్నిక కావాలని రాస్తే ఎన్నిక పెడతారు. అంతమంది రాయకపోతే మిగతా కౌన్సిలర్లే ఎన్నిక లేకుండా ఒకరిని కోఆప్ట్ చేసుకుంటారు, అలా వచ్చినవాళ్లూ చాలామంది ఉన్నారు. ఆ కాగితం మీద తేదీ చూసి, గడువు దాటి ఉంటే క్లర్క్‌కి ఒక పేజీలో మీ గురించి రాసి పంపండి. ఐఎల్ఆర్ వచ్చిందా ఇంతకీ?