వజ్రకరూరు బోరు నీళ్లలో కింబర్లైట్ జాడ స్ట్రాన్షియంతో తేలుతుందా?

అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఏ రాయిని ఒరుసుకుని వస్తున్నాయో తేల్చాలి. అక్కడ అడుగంతా పాత గ్రానైట్, నైస్ (చారలుండే రూపాంతర శిల). మధ్యమధ్య దాదాపు 110 కోట్ల ఏళ్లనాటి అగ్నిపర్వత గొట్టాలు, అంటే కింబర్లైట్లు. రుబీడియం 87 క్షయమై స్ట్రాన్షియం 87 అవుతుంది కాబట్టి పాత గ్రానైట్‌లో స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి చాలాసార్లు 0.72 దాటుతుంది. మాంటిల్ (భూమి పైపెంకు కింది పొర) నుంచి వచ్చిన కింబర్లైట్‌లో మొదట్లో అది 0.70 చిల్లర. రాయిని తాకిన నీళ్లలోనూ ఆ నిష్పత్తి జాడ కనిపిస్తుంది.

చిక్కంతా కింబర్లైట్‌లో ఉండే ఫ్లోగోపైట్ అనే మైకా (అభ్రకం) తోనే. అందులో రుబీడియం ఎక్కువ, పైగా త్వరగా శిథిలమవుతుంది. దానివల్ల కింబర్లైట్ నీళ్లు కూడా గ్రానైట్ నీళ్లలా కనిపించవా? మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని జతచేస్తే విడదీయగలమా? నల్లరేగడి కింద ఉండే సున్నపు గడ్డలు కాల్షియంను, స్ట్రాన్షియంను రెంటినీ కలిపేస్తాయన్నదే నా భయం.

నమూనా పద్ధతి ఇది: విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత 5 నిమిషాల తేడాతో మూడుసార్లు ఒకేలా వచ్చేదాకా మోటారు నడపాలి. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి, ఆసిడ్‌తో కడిగిన 250 మి.లీ. ప్లాస్టిక్ సీసాలో పట్టి, ఆ తర్వాతే నైట్రిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 లోపుకు దించాలి. ముందే ఆసిడ్ పోస్తే బురదలోని స్ట్రాన్షియం కరిగి నిష్పత్తి చెడుతుంది. నీటిలోని ఆక్సిజన్ 18, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కొలవడం కోసం ఆసిడ్ లేకుండా 60 మి.లీ. సీసా, గాలిబుడగ లేకుండా నిండుగా.

రాతిపొడిని పరీక్షించినవాళ్లు చెప్పండి: ముందు అమ్మోనియం అసిటేట్‌తో, తర్వాత పలుచని అసిటిక్ ఆసిడ్‌తో కడిగితే మైకా భాగం, సున్నపు భాగం విడివిడిగా దొరుకుతాయా?