అమ్మ తొక్కుడు మిషన్ మీద లాల్చీ కుట్టుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కంప్యూటర్ దర్జీ:
అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్లు, పని అంతా కంప్యూటర్ ముందే. అమ్మ పాత తొక్కుడు మిషన్ మా ఇంట్లో పదేళ్లుగా టీవీ స్టాండుగా పనిచేస్తోంది. మొన్న టీవీ గోడకి బిగించేసరికి అది ఖాళీ అయింది. నాకేమో లాల్చీలంటే ఇష్టం, కొన్నవి భుజాల దగ్గర సరిపోతే పొట్ట దగ్గర పట్టేస్తాయి. సరే మనమే కుట్టేద్దాం అని మంగళగిరి కాటన్ రెండున్నర మీటర్లు తెచ్చుకుని, అరగంట వీడియో ఒకటి చూసి ధైర్యంగా కూర్చున్నా. తొక్కితే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కున తెగుతుంది, తెగలేదా, గుడ్డ కింద చిక్కుపడి పిచ్చుకగూడులా తయారవుతుంది. బాబిన్ కేసు (కింది దారం చుట్ట పెట్టే చిన్న డబ్బీ) స్క్రూ అటూ ఇటూ తిప్పి మొదట ఎక్కడుండేదో కూడా మర్చిపోయా. గుడ్డకి ఇంకా కత్తెర పెట్టలేదు, భయం. అమ్మేమో "నీకెందుకురా, టైలర్‌కి ఇచ్చెయ్" అంటుంది. మిషన్ మార్చాలా, నేను మారాలా?

రిటైర్డ్ టీచరమ్మ:
బాబూ, ముందు ఆ స్క్రూ జోలికి పోవడం మానెయ్. గుడ్డ కింద చిక్కు పడితే అందరూ బాబిన్‌నే తిడతారు కానీ తప్పు ఎక్కువసార్లు పై దారానిది. మిషన్ పాదం, అంటే గుడ్డని నొక్కి పట్టేది, పైకి లేపి ఉంచి దారం ఎక్కించు, అప్పుడే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకి సరిగ్గా దిగుతుంది. కుట్టేముందు పాదం దించడం మర్చిపోకు, మొదటి నాలుగు కుట్లు పడేదాకా రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకో. స్క్రూ సంగతంటావా, బాబిన్ కేసుని దారంతో పట్టి వేలాడదీస్తే జారకూడదు, చెయ్యి చిన్నగా కుదిపితే కాస్త జారి ఆగాలి, అంతే. చక్రాన్ని చేత్తో నీ వైపుకి తిప్పి ఆ ఊపులో తొక్కు, వెనక్కి పోదు. నేను నేర్చుకునేటప్పుడు వారం రోజులు దారం లేకుండా రూళ్ల నోటుబుక్కు కాయితం మీద గీత వెంబడే సూది నడిపించాను. కాయితం మీద వాడాక సూది మొద్దుబారుతుంది, మార్చేయాలి. కాటన్‌కి 14 నంబరు సూది చాలు. ఆ మిషన్‌కి వేసింది కొబ్బరినూనె కాదు కదా? బంకలా గట్టిపడుతుంది, మిషన్ ఆయిలే వెయ్యి.

సూదీ దారం:
వారం రోజులు కాయితమా! నాకైతే రెండో రోజే విసుగొచ్చేది. టీచర్ గారూ ఏమీ అనుకోకండి, నేను చెప్పేది వేరు. పాత దుప్పటి చింపి దిండు గలీబులు కుట్టండి, అన్నీ నిలువు కుట్లే, వంకరపోయినా దిండుకి పట్టింపు లేదు. ఈలోగా మంగళగిరి గుడ్డని విడిగా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేసి పెట్టుకోండి, చేనేత కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, రంగు కూడా వదలొచ్చు. కుట్టాక కుంచించుకుంటే మళ్లీ పొట్ట దగ్గర పట్టేస్తుంది, మొదటికొస్తారు.

డాలస్ కోడలు:
పక్క విషయమే కానీ, ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లు ఇండియా నుంచి కరెంటు మిషన్ అమెరికాకి మోసుకురాకండి. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. నాది అలాగే తెచ్చుకుని అటక మీద పెట్టాను. తొక్కుడు మిషన్‌కి ఆ గొడవ లేదు కానీ దాన్ని విమానంలో ఎవరు తెస్తారు.

దర్జీ గారబ్బాయి:
అన్నా, లాల్చీ మంచి ఎంపికే, జాకెట్టులా డాట్లు (ఒంటికి అమరేలా కుట్టే కోసు మడతలు), ఏటవాలుగా కత్తిరించే క్రాస్ ముక్కలు ఉండవు. మీకు భుజాల దగ్గర సరిపోయే పాత లాల్చీ ఒకటి ఆదిగా తీసుకోండి. ఛాతీ 40 అంగుళాలైతే ఒదులుకి 6 కలిపి 46, నాలుగు మడతలకి పదకొండున్నర, ఆపైన కుట్టుకి అరంగుళం. పొట్ట దగ్గర చుట్టుకొలత ఎక్కువుంటే ఆ కొలతే లెక్క, సిగ్గుపడొద్దు. ముందు పాత పంచె మీద కత్తిరించి చూడండి. మెడ మాత్రం చిన్నగా కత్తిరించాలి, తర్వాత పెంచుకోవచ్చు కానీ పోయిన గుడ్డ తిరిగి రాదు. గుండీల పట్టీ దగ్గరే అందరూ ఏడుస్తారు, మొదటి లాల్చీకి పట్టీ మానేసి మెడ దగ్గర చిన్న చీలిక పెట్టి ఊరుకోండి. ప్రతి కుట్టు తర్వాతా ఇస్త్రీ. మా నాన్న మిషన్ మీద కూర్చునే టైము కన్నా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే టైమే ఎక్కువ.

కంప్యూటర్ దర్జీ:
పై దారమే! పాదం దించి ఎక్కిస్తున్నాను ఇన్నాళ్లూ. నిన్న ఒక గలీబు అయింది, కుట్టుకి వదలడం మర్చిపోయి అంగుళం తక్కువైంది, దిండుని కుక్కి కుక్కి దూర్చా. అమ్మ వచ్చి చూసి ఏమీ అనలేదు, పక్కకి జరగమని తనే కూర్చుని రెండోది కుట్టేసింది. ఇప్పుడు మూడోది కుడుతోంది. లేవమంటే లేవట్లేదు.