డెల్టాలో జరిగే సైన్స్ ఫిక్షన్ కామిక్స్‌కు లోకాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: లంకగాలి, అమలాపురం

అందరికీ నమస్కారం. నూట యాభై ఏళ్ల తరువాతి కోనసీమలో జరిగే కథ ఒకదాన్ని కామిక్స్ రూపంలో చెప్పాలని కొంతకాలంగా బొమ్మలు వేస్తున్నాను. కథానాయిక కాలువ లాకుల దగ్గర తలుపులు, తూములు తీసి మూసే లస్కరు. అప్పటికి సముద్రం అంతర్వేది దాటి లోపలికి వచ్చేసింది, గోదావరి వశిష్ఠ పాయ చాలామేరకు పూడిపోయింది, ఇప్పుడున్న లంకల్లో కొన్ని కోతకు గురై పోగా కొత్తవి కొన్ని పుట్టుకొచ్చాయి. తొలి పేజీలు చూసిన మిత్రులందరిదీ ఒకటే మాట. ఇది వరద వార్తలా ఉంది గానీ సైన్స్ ఫిక్షన్‌లా లేదు, కనీసం ఎగిరే బండి ఒకటైనా పెట్టు అంటున్నారు. పెట్టడానికి నాకు అభ్యంతరమేమీ లేదు. అయితే పడవ మీద వెళ్లగలిగిన చోట ఆ బండి ఎవరికి అవసరం, దానికి ఇంధనం ఎక్కడిది, ఊళ్లో ఎవరింటి ముందు నిలబడి ఉంటుంది అన్న వాటికి సమాధానం లేకుండా వేస్తే అది ఉత్త అలంకారమే అవుతుందని నా భయం.

ఈ ఆలోచన నాకు "కల్కి 2898 ఏడీ" చూశాక మరీ బలపడింది. మొగల్తూరు వారి అబ్బాయి ప్రభాస్ సినిమా అన్న అభిమానం ఎలాగూ ఉంది, దానికి తోడు కాశీలో ఎండిపోయిన గంగను, తలకిందులైన పిరమిడ్‌లా ఆకాశంలో వేలాడే కాంప్లెక్స్‌ను నాగ్ అశ్విన్ గారు చూపించిన తీరుకు నేను ముగ్ధుణ్ణయ్యాను. కానీ ఇంటికి వచ్చిన తరువాత ఆ కాశీలో మిగిలిన జనం రోజూ ఏం తింటున్నారు, నీళ్లు ఎవరు ఎవరికి పంచుతున్నారు అని ఆలోచిస్తే సినిమా నుంచి నాకు పెద్దగా జవాబు దొరకలేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు "ఆదిత్య 369"లో తక్కువ హంగులతో చూపించిన భవిష్యత్తులో మనుషులు భూమి అడుగున ఎందుకు బతుకుతున్నారో చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేది.

అందుకని అడుగుతున్నాను. మీకు నచ్చిన రచయితలు, చిత్రకారులు, ఆటల రూపకర్తలు తమ లోకాన్ని ఎక్కడి నుంచి కట్టడం మొదలుపెట్టారు? నా కథ కామిక్స్‌గానే ఉండడం మేలా, ఆటగా చేయడం మేలా?


సమాధానం: దాళ్వా, భీమవరం

ఎగిరే బండి సంగతి పక్కన పెట్టండి. మీరు అడిగినదానికి నా దృష్టిలో అందరికంటే మంచి ఉదాహరణ అమెరికా నవలా రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్. 1965లో పుస్తకంగా వచ్చిన "డ్యూన్"కు బీజం పడింది అంతరిక్షం గురించిన ఊహలో కాదు. అమెరికాలోని ఆరెగాన్ తీరంలో ఇసుక దిబ్బలు రోడ్ల మీదికి, ఇళ్ల మీదికి జరిగి రాకుండా ప్రభుత్వ శాఖవారు గడ్డి నాటి ఆపుతుంటే, దాని మీద పత్రికకు వ్యాసం రాద్దామని ఆయన అక్కడికి వెళ్లాడు. ఆ వ్యాసం అచ్చు కాలేదు గానీ ఇసుక ఆయన్ను వదల్లేదు. నవలలో నీరు కరువన్న ఒక్క నియమం పెట్టుకుని దాన్ని చివరిదాకా ఎక్కడా సడలించకుండా నడిపించాడు కాబట్టే చెమటను తిరిగి తాగునీరుగా మార్చే దుస్తులు, చచ్చిపోయినవాడి ఒంట్లోని నీరు తెగకే చెందాలన్న కట్టుబాటు, ఎదుటివాడి ముందు ఉమ్మివేయడమే గౌరవం కావడం, ఇవన్నీ పాఠకుడికి వింతగా కాక సహజంగా అనిపిస్తాయి. ఆ పుస్తకంలోని రాజకీయాలు, జోస్యాలు నాకు కొన్నిచోట్ల విసుగు పుట్టించాయని కూడా చెప్పాలి. అయినా ఉమ్మి గురించిన ఆ చిన్న సన్నివేశం కోసం మళ్లీ చదువుతాను.

మన దగ్గర నీటికి కరువు లేదు కాబట్టి ఆ నియమం మనకు పనికిరాదు. మన నియమం ఒండ్రు అయితే ఎలా ఉంటుందో ఆలోచించండి. డెల్టా అంటేనే గోదావరి మోసుకొచ్చి పరిచిన ఒండ్రు. ఎగువన కట్టిన జలాశయాల్లో అది చాలామేరకు ఆగిపోతోంది. కొత్త మట్టి రాని డెల్టా తన బరువుకు తానే అణిగి కుంగుతుంది, సముద్రం ముందుకు వస్తుంది. ఉప్పాడ దగ్గర తీరం కోత చూసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. మరో నూట యాభై ఏళ్లకు పొలం విలువ ఎకరాల్లో కాకుండా, ఆ ఏడాది దాని మీద ఎన్ని అంగుళాల ఒండ్రు పడిందన్నదాన్ని బట్టి కడతారనుకుందాం. అప్పుడు ఒండ్రుతో ఎర్రనీళ్లు వచ్చే వరద రోజుల్లో తూము ఎవరిది ముందు తీయాలన్నదే రాజకీయం అవుతుంది. కాలువ తల దగ్గరి ఆసామికీ శివారు భూముల రైతుకీ మధ్య ఇప్పుడు దాళ్వా (రెండో పంట) నీటి వంతుల మీద వచ్చే తగాదాలే అప్పుడు మట్టి వంతుల మీద వస్తాయి. పెళ్లి మాటల్లో కట్నం కింద ఎర్రనీటి వంతు ఒకటి రాసిస్తారు. పోయినవారిని ఏటిగట్టున దహనం చేయాలా, మట్టిని మట్టికే ఇచ్చేయాలా అన్న దగ్గర ఒక కుటుంబం రెండుగా చీలిపోతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పుడు కాటన్ దొర డెల్టాకు నీటి గడియారం ఒకటి బిగించి వెళ్లాడనుకుంటే, మీ కథలో దాన్ని మట్టి కోసం మళ్లీ విప్పి బిగించాలి. ఆ మార్పు చేసిన ఇంజనీర్లు ఎవరు, ఎవరి భూములు పోయాయి అన్నది మీ పూర్వకథ. అప్పుడు మీ లస్కరు చేతిలో ఉన్న తాళం చెవి సామాన్యమైనది కాదు.


సమాధానం: చుక్కలముగ్గు, కాకినాడ

దాళ్వా గారి ఒండ్రు ఆలోచన చాలా బాగుంది. నాకున్న భేదాభిప్రాయం ఒక్కటే. నియమం ఎంత గట్టిదైనా దాన్ని కనుక్కునే మనిషి పేజీ మీద లేకపోతే అది ప్రాజెక్టు నివేదికే అవుతుంది. జపాన్ చిత్రకారుడు, దర్శకుడు హయావో మియజాకి 1982 నుంచి 1994 వరకు, మధ్యమధ్య ఆపుతూ గీసిన "నౌషికా" కామిక్స్ చూడండి. విషవాయువులు చిమ్మే అడవి లోకాన్ని మింగేస్తోందని అందరూ నమ్ముతుండగా, నౌషికా ఆ మొక్కల విత్తులనే తెచ్చి లోతు బావి నీటితో, శుభ్రమైన మట్టిలో రహస్యంగా పెంచుతుంది. అవి విషం వదలవు. తప్పు మొక్కలో లేదు, మనుషులు పాడుచేసిన నేలలో ఉందన్న సంగతి ఉపన్యాసంగా కాకుండా ఒక అమ్మాయి నేలమాళిగలో చేసిన ప్రయోగంగా మనకు తెలుస్తుంది. సైన్స్ ఫిక్షన్‌లో సైన్స్ అంటే నా మటుకు అదే. మీ లస్కరు కూడా ఏదో ఒకటి కొలవాలి, అనుమానించాలి, గాజు సీసాలో కాలువ నీళ్లు పట్టి అడుగున ఎంత పేరుకుందో రోజూ గీత పెట్టుకోవాలి. ఆ గీతలకూ పైవాళ్లు రాసే లెక్కలకూ పొంతన కుదరని రోజున మీ కథ మొదలవుతుంది.

కాలువల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. "నౌషికా" సినిమా మీద వచ్చిన డబ్బుతో మియజాకి నిర్మాతగా, ఆయన సహచరుడు ఇసావో తకాహత దర్శకుడిగా తీసినది ఇంకో కల్పిత కథ కాదు, జపాన్‌లోని యనగావా అనే ఊరి కాలువల మీద రెండున్నర గంటలకు మించిన డాక్యుమెంటరీ. 1987లో వచ్చింది. మురికితో నిండిన కాలువలను పూడ్చేయాలని పట్టణం నిర్ణయించుకోగా, ఊరివారే దిగి వాటిని బాగుచేసుకున్న వైనం అందులో ఉంటుంది. డబ్బులు అంచనాకు మించి ఖర్చయ్యాయని అంటారు. మన మురుగు కాలువల పక్కన పెరిగినవాళ్లెవరికైనా ఆ సినిమా పరాయిదిగా అనిపించదు.

బొమ్మల విషయంలో ఒక సలహా. "టింటిన్" చంద్రయానం కథలు గీసేటప్పుడు బెల్జియం చిత్రకారుడు హెర్జే తన రాకెట్ లోపలి అమరికకు ఒక నమూనా చేయించి పెట్టుకున్నాడు, ఏ ఫ్రేములో ఎవరు ఎక్కడ నిలబడ్డా గదులు తారుమారు కాకూడదని. మన "చందమామ"లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలకు "చిత్ర" గారు వేసిన బొమ్మల్లోనూ ఆ నిలకడ ఉంటుంది. ఏ నెల సంచిక తీసినా ఆ కోట అదే కోటలా, ఆ కత్తి అదే కత్తిలా కనిపిస్తుంది. (అంతటి కథలు రాసిన దాసరి గారి పేరు మాత్రం ఆ పేజీల్లో కనిపించేది కాదు, అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.) మీరు కూడా ముందుగా మీ లాకుకు అట్టముక్కలతో ఒక నమూనా చేసుకోండి.


సమాధానం: పులిజూదం, తణుకు

ఆట గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి ఆ భాగం నేను తీసుకుంటాను. అమెరికా ఆటల రూపకర్త విల్ రైట్ 1984లో బాంబులు వేసే ఒక హెలికాప్టర్ వీడియో ఆట తయారుచేస్తూ, బాంబులు వేయడం కన్నా వాటి కోసం దీవులూ రోడ్లూ కట్టడంలోనే తనకు ఎక్కువ సరదా ఉందని గమనించాడు. దానిలో నుంచే 1989లో నగరాన్ని కట్టి నడిపే ఆట "సిమ్‌సిటీ" పుట్టింది. దానికి ప్రేరణగా ఆయన పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ కథ ఒకదాన్ని కూడా చెప్పుకున్నాడు. పదవి పోయిన ఒక క్రూరుడైన రాజుకు ఆడుకోవడానికి ఒక యంత్రనిపుణుడు పెట్టెలో పట్టేంత రాజ్యాన్ని చేసిస్తాడు, ఆ బుల్లి ప్రజలు పడే బాధ నిజమా కాదా అన్నది ఆ కథలోని చిక్కు. ఆటల మీద ఇంతకంటే లోతైన ప్రశ్న నేను ఇంతవరకూ వినలేదు.

ఆ ప్రశ్నను మళ్లీ గట్టిగా వేసినవారు పోలండ్‌కు చెందిన "11 బిట్ స్టూడియోస్" వారు. 2018 నాటి "ఫ్రాస్ట్‌పంక్"లో గడ్డకట్టిన లోకంలో ఒకే ఒక్క బొగ్గు యంత్రం చుట్టూ ఊరు ఉంటుంది. పిల్లలను పనిలో పెట్టాలా, తిండిలో రంపపు పొట్టు కలపాలా అని చట్టాలు చేయాల్సింది ఆడేవారే. కామిక్స్‌లో పాఠకుడు లస్కరును చూసి జాలిపడతాడు లేదా కోప్పడతాడు. ఆటలో శివారు ఊరి తూము మూసేది ఆడేవారి వేలే. ఆ బరువు మరో మాధ్యమానికి రాదని నా గట్టి నమ్మకం. మనదేశపు ఆటల్లో 2020లో పుణె బృందం చేసిన "రాజీ" చూడడానికి ఎంతో అందంగా ఉంటుంది, కోటగోడల మీది బొమ్మలను ఆగి చూస్తాం. అయితే పోరాటం మొదలవగానే చేతులకు తెలిసేది ఎక్కడెక్కడో ఆడిన పాత అలవాటే. గోడలు మనవైతే చాలదు, నియమం కూడా ఆ నేలది కావాలి.

అందుకు మన అరుగుల మీద గీసి ఉన్న పులిజూదం కన్నా దగ్గరి నమూనా లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. ఇద్దరి బలం సమానం కాదు, ఇద్దరి గెలుపూ ఒకటి కాదు. పులి దూకి చంపుతుంది, మేకలు కలిసి దారి కట్టేస్తాయి. కాలువ తల ఊళ్లు పులులుగా, శివారు ఊళ్లు మేకలుగా, గీతలే కాలువలుగా, గీతలు కలిసే చోట్లు లాకులుగా పెట్టి కాగితం మీద ముందు ఆడించి చూడండి. కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు. ఆ ఆటలో మేకలకు ఎప్పుడూ గెలుపు రాకపోతే మీ కథలో కూడా శివారు రైతులకు చేయడానికి ఏమీ లేదని అర్థం, అప్పుడు మార్చాల్సింది కథనే.


సమాధానం: ఏటిగట్టు, రాజోలు

నాది చిన్న మనవి. సముద్రం ముంచేసిన ఊళ్లను 1962 నాటి ఆంగ్ల రచయిత జె.జి. బాలార్డ్ నవల దగ్గర నుంచి ఎన్నో రకాలుగా చూశాం. దయచేసి కోనసీమను కూడా ముంచి చేతులు దులుపుకోవద్దు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి దగ్గర లేచిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు, 1996 నవంబరు తుపాను కొబ్బరితోటలను పడుకోబెట్టింది. అయినా జనం మళ్లీ మొక్క నాటారు, ఇక్కడే ఉన్నారు. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినదీ ఇక్కడే. ప్రళయం కంటే విచిత్రమైన భవిష్యత్తు ఆ సమ్మెలో ఉందని నాకనిపిస్తుంది. లస్కర్లందరూ ఒక సార్వాకు (తొలి పంటకు) "తూములు ముట్టుకోము" అని కూర్చుంటే ఏమవుతుందో రాయండి, నేను కొని చదువుతాను.


తిరుగు సమాధానం: లంకగాలి, అమలాపురం

అందరికీ కృతజ్ఞతలు. కామిక్స్‌గానే కొనసాగిస్తాను. అయితే పులిజూదం గారు చెప్పిన కాగితపు ఆటను ముందు తయారుచేసి, అందులో ఎవరు ఎలా ఓడిపోతున్నారో చూశాకే రెండో అధ్యాయం రాస్తాను. ఒండ్రు వంతులు తీసుకుంటున్నాను, లస్కర్ల సమ్మె కూడా. చుక్కలముగ్గు గారి గాజు సీసా మొదటి పేజీలోకే వచ్చేసింది. ఒక్క సందేహం మిగిలింది. పడవ కింది మట్టం నుంచి పైమట్టానికి లాకు గుండా ఎక్కే సన్నివేశాన్ని ఎక్కడ విరిచి ఫ్రేములుగా పెడితే ఉత్కంఠ నిలుస్తుంది?


సమాధానం: దాళ్వా, భీమవరం

పడవ లోపలికి వచ్చాక వెనుక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని చిన్న షట్టర్లు ఎత్తి నీళ్లు వదులుతారు. లోపలి మట్టం, పై కాలువ మట్టం సమం అయ్యేదాకా ఎగువకు కోణంగా మూసుకున్న ఆ పెద్ద తలుపులను నీటి ఒత్తిడే బిగబట్టి ఉంచుతుంది, ఎంతమంది కలిసి నెట్టినా కదలవు. సమం కాగానే ఒక్క మనిషి చేతికి తెరుచుకుంటాయి. కాబట్టి గోడ మీది తడి గీత పైకి జరగడాన్ని సన్నని నిలువు ఫ్రేములుగా వరుసగా పెట్టండి, మాటలు వద్దు. మీ కథలో ఆమెను తరిమేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు గట్టు మీదికి చేరుకోవాల్సింది ఆ ఫ్రేముల మధ్యే.