మగపిల్లలు, మగవాళ్ళ గురించి తెలుగులో మంచి పుస్తకాలు చెప్తారా?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. మగవాడంటే ఎలా ఉండాలి అన్న విషయం మీద వాడితో కలిసి చదవడానికి పుస్తకాలు వెతుకుతున్నాను.

మొన్న మా నాన్నగారు పోయినప్పుడు వాడు ఏడుస్తుంటే, "మగపిల్లాడివి, నువ్వే ఇలా అయితే అమ్మనెవరు చూస్తార్రా?" అని పెద్దవాళ్ళు కసిరారు. వాడు ఠక్కున కళ్ళు తుడుచుకుని కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఏం అడిగినా "బానే ఉన్నా" అంటాడు. నాకు అదే టెన్షన్.

ఓల్గా గారి రామాయణ కథల పుస్తకం 'విముక్త' చదివాను. అందులో 'బంధితుడు' కథ రాముడి వైపు నుంచి సాగుతుంది, రాజధర్మం మనిషిని ఎలా కట్టేస్తుందో చూపిస్తుంది. నాకు కావలసింది సరిగ్గా అలాంటిదే, కాకపోతే ఈ కాలపు మనుషులతో. రేవతి గారి జీవితకథ 'ఒక హిజ్రా ఆత్మకథ' కూడా ఇంట్లో ఉంది, పి. సత్యవతి గారి అనువాదం. మగపిల్లాడిగా పెంచిన ఇంట్లో తనేంటో చెప్పుకోవడానికి ఆవిడ పడ్డ నరకం చదివితే నిద్ర పట్టదు. అది వాడికి ఇప్పుడే ఇవ్వొచ్చా? చదివినవాళ్ళు చెప్పండి.

ఇంగ్లీషులో అమెరికన్ ఫెమినిస్ట్ రచయిత్రి బెల్ హుక్స్ మగవాళ్ళ గురించి రాసిన 'ది విల్ టు చేంజ్' (2004) చర్చ్ స్ట్రీట్ పుస్తకాల షాపుల్లో అడగాలనుకుంటున్నాను. తెలుగులో మాత్రం మగ రచయితలు తమ భయాల గురించి దాచకుండా రాసుకున్న కథలు గానీ, ఆత్మకథలు గానీ ఏమున్నాయి? ఉపదేశాలు వద్దండీ, వాడు రెండో పేజీలోనే మూసేస్తాడు.