ఫ్లోరిడాలో రాల్ఫ్ నేడర్‌కు ఓటేసినవారు తప్పు చేశారా?

హ్యూరాన్ తీరవాసి:

2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక గురించిన ఈ ప్రశ్న పాతదే గాని, నా మట్టుకు నాకు ఇంకా పాతబడలేదు. అమెరికా పౌరసత్వం వచ్చిన ఏడాదే, 2016లో, మిషిగన్‌లో నా మొదటి ఓటు వేశాను. హిల్లరీ క్లింటన్ 2002 అక్టోబరులో ఇరాక్ యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానాన్ని సెనేట్‌లో సమర్థించారన్న కోపం నాలో చల్లారలేదు. ట్రంప్‌కు వేసే ప్రసక్తే లేదు. అందువల్ల గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కు ఓటు వేసి, మనసు చెప్పినట్టు చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చాను. మిషిగన్‌లో ట్రంప్ ఆధిక్యం 10,704 ఓట్లు. స్టైన్‌కు వచ్చినవి 51 వేలకు పైగా. వాటిలో ఒకటి నాది.

ఆ తరువాత నేను 2000 నాటి ఎన్నికను శ్రద్ధగా చదివాను. ఆ ఏడాది ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్‌కు, డెమొక్రాటిక్ అభ్యర్థి అల్ గోర్‌కు మధ్య తేడా 537 ఓట్లు. అక్కడ గ్రీన్ పార్టీ అభ్యర్థి నేడర్‌కు పడినవి 97 వేలకు పైగా. దేశం మొత్తం మీద గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లోరిడాలోని 25 ఎలక్టోరల్ ఓట్లతో (రాష్ట్రాల వారీగా దక్కే, అధ్యక్షుణ్ణి నిర్ణయించే ఓట్లు ఇవే) బుష్ 271కి చేరి అధ్యక్షుడయ్యారు. ముగ్గురిలో వ్యక్తిగా ఎవరు గొప్పవారని అడిగితే నేను ఈనాటికీ నేడర్ పేరే చెబుతాను. కార్ల కంపెనీలతో ఒంటరిగా తలపడి, 1966లో వాహన భద్రతా చట్టం రావడానికి ముఖ్య కారకుడైన మనిషి ఆయన. గోర్‌లో లోపాలకు కొదవ లేదు: 1996లో కాలిఫోర్నియాలోని బౌద్ధాలయంలో జరిగిన ఎన్నికల విరాళాల వ్యవహారం ఉంది, ఉత్తర అమెరికా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా తరఫున 1993లో టీవీలో వాదించిన చరిత్ర ఉంది, మరణశిక్షకు ఆయన మద్దతు ఉంది. అయినా నా అభిప్రాయం ఇది. 2016లో నేను ఓటును అభ్యర్థికి ఇచ్చే యోగ్యతాపత్రంగా చూశాను. గెలవగల ఇద్దరిలో ఎవరి చేతిలో అధికారం ఉంటే బలహీనులకు తక్కువ హాని జరుగుతుందన్న లెక్క వేయలేదు. పోటీ హోరాహోరీగా ఉన్న రాష్ట్రంలో ఉదారవాది ఆ లెక్క వేయక తప్పదు. అభ్యంతరాలు ఉన్నవారు చెప్పండి.

సందేహి:

తీరవాసి గారూ, మీరు మీ ఓటు గురించి పడుతున్న బాధను గౌరవిస్తాను గాని, మీ లెక్కలో ఒక మాట ముందే దాగి ఉంది. ఆ 97 వేల ఓట్లు సహజంగా గోర్‌వేనని, నేడర్ వాటిని ఎత్తుకుపోయారని మీరు అనుకుంటున్నారు. ఓటు పార్టీ పిత్రార్జితం కాదు. నేడర్ బరిలో లేకపోతే వారిలో చాలామంది ఇంట్లోనే కూర్చునేవారు, కొందరు బుష్‌కే వేసేవారు. గోర్ తన సొంత రాష్ట్రమైన టెనెసీని గెలుచుకొని ఉంటే, అక్కడి 11 ఎలక్టోరల్ ఓట్లతో ఫ్లోరిడా అవసరమే లేకుండా అధ్యక్షుడయ్యేవారు. ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉన్న మనిషిని సొంత ఊరివాళ్లే కాదన్నప్పుడు, ఆ నింద గ్రీన్ పార్టీ నెత్తిన రుద్దడం ఏమి న్యాయం?

ఇంకొకటి. 2000లో అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చల నిర్వాహక సంఘం పోల్స్‌లో 15 శాతం మద్దతు ఉన్నవారికే వేదిక మీద చోటన్న నిబంధన పెట్టింది. బోస్టన్‌లో జరిగిన మొదటి చర్చకు నేడర్ టికెట్టు పట్టుకొని ప్రేక్షకుడిగా వెళ్లినా లోపలికి రానివ్వలేదు. మాట్లాడనివ్వరు, కూర్చోనివ్వరు, తీరా ఓడిపోయాక "మా ఓట్లు నువ్వే తిన్నావు" అంటారు. ఉదారవాదుల ఓటు ఎలాగూ తమకే పడుతుందన్న ధీమా ఉన్నంతకాలం డెమొక్రాటిక్ పార్టీ వారి మాట వినదు. ఆ ఏడాది నేడర్ బృందం ఆశించినది 5 శాతం ఓట్లు. అవి వస్తే తరువాతి ఎన్నికకు ప్రభుత్వ నిధులు అందేవి. వచ్చినవి 2.7 శాతం. లక్ష్యం నెరవేరలేదు గనుక ప్రయత్నమే నేరమైపోతుందా?

కొల్లేటి కొంగ:

సందేహి గారి టెనెసీ లెక్క సరైనదే. అయితే ఓటమికి పది కారణాలు ఉంటే, వాటిలో తన చేతిలో ఉన్న కారణానికి మనిషి బాధ్యుడు కాకుండా పోడు. టెనెసీ ప్రజల తీర్పు ఫ్లోరిడా ఓటరు చేతిలో లేదు, తన ఓటు ఉంది.

ఫలితాల మాటకొస్తే, గద్దెనెక్కిన కొద్ది నెలలకే, 2001లో, బుష్ ప్రభుత్వం వాతావరణ మార్పు మీది క్యోటో ఒప్పందాన్ని తోసిపుచ్చింది. 2003లో ఇరాక్ యుద్ధం వచ్చింది. గోర్ 2002 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రసంగంలో ఆ యుద్ధ సన్నాహాన్ని తప్పుపట్టారు. సుప్రీంకోర్టు సంగతి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే న్యాయమూర్తులు రాబర్ట్స్, అలీటో 2005, 2006 సంవత్సరాల్లో, అంటే బుష్ రెండో పదవీకాలంలో వచ్చారు. ఆ పాపం మొత్తాన్ని 2000 నాటి ఓటరుకు అంటగట్టలేము. కానీ రెండోసారి గెలవాలంటే మొదటిసారి గెలిచి ఉండాలి కదా. ఎన్నికల ఖర్చులో కంపెనీల డబ్బుకు తలుపులు తెరిచిన 2010 తీర్పు, 1965 ఓటుహక్కు చట్టంలోని కీలక భాగాన్ని పనికిరాకుండా చేసిన 2013 తీర్పు, రెండూ 5-4 తేడాతో వచ్చాయి. అధ్యక్షుడు నాలుగేళ్లకో ఎనిమిదేళ్లకో దిగిపోతాడు. ఆయన నియమించిన న్యాయమూర్తి జీవితాంతం ఉంటాడు. అభ్యర్థి నచ్చాడా లేదా అన్నదాని కన్నా ముందు నేను చూసేది ఇదే.

సందేహి:

కొంగ గారూ, గోర్ ఏరికోరి తెచ్చుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి జో లీబర్‌మన్ అదే ఇరాక్ తీర్మానానికి గట్టి మద్దతుదారు అన్న సంగతిని మీరు దాటవేశారు. గోర్ ప్రసంగం ఆయన అధికారంలో లేనప్పటిది. కుర్చీలో కూర్చున్నవాడు ఏమి చేసేవాడో ఎవరు చెప్పగలరు? న్యాయమూర్తుల విషయంలో మీ మాట నాకు తగులుతోందని ఒప్పుకుంటాను.

నాలుగో వరుస:

2024 గురించి ఎవరూ మాట్లాడరేమి? గాజా యుద్ధం మీద నిరసనగా ఆ ఫిబ్రవరిలో మిషిగన్ ప్రైమరీలో (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నికలో) లక్షమందికి పైగా డెమొక్రాట్లు "ఎవరికీ కట్టుబడలేదు" అన్న గడిలో ఓటేశారు. నవంబరులో ట్రంప్ అక్కడ సుమారు 80 వేల ఆధిక్యంతో గెలిచారు. స్టైన్‌కు వచ్చినవి అందులో సగానికి కాస్త ఎక్కువ. ఆమె ఓట్లన్నీ కమలా హ్యారిస్‌కు కలిపినా లెక్క సరిపోదు. తీరవాసి గారి సూత్రం ఇక్కడ ఏమి చెబుతుంది? బంధువులు బాంబుల కింద ఉన్న డియర్‌బోర్న్ (అరబ్బు మూలాలవారు ఎక్కువగా ఉన్న మిషిగన్ నగరం) ఓటరుకు "తక్కువ హాని" అని మనం ఏ ముఖంతో చెప్పగలం?

హ్యూరాన్ తీరవాసి:

డియర్‌బోర్న్ ఓటరుకు నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు. హానిని దగ్గర నుంచి కొలుస్తున్నవారి కొలత వేరుగా ఉంటుంది; నా సూత్రం నాలాగా దూరంగా, భద్రంగా కూర్చొని మనసు తృప్తి కోసం ఓటేసేవారికి వర్తిస్తుంది. అయితే ఆ లక్షమంది ఎంచుకున్న చోటు చూడండి. మిషిగన్‌లో ఓటరు పార్టీ పేరుతో నమోదు కానక్కరలేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు. నాలాంటి ఏ పార్టీకీ చెందని ఉదారవాది తన కోపం చూపించవలసిన చోటు అదే. 2016 మార్చిలో హిల్లరీ మీద కోపం చూపే అవకాశం నాకు అక్కడే ఉండింది. ప్రైమరీలో ఆమె ప్రత్యర్థి బెర్నీ శాండర్స్ ఆ రాష్ట్రాన్ని స్వల్ప తేడాతో గెలిచారు కూడా. పనుల హడావుడిలో నేను ఆ రోజు వెళ్లనే లేదు. ప్రైమరీకి బద్ధకించి, నవంబరులో సిద్ధాంతం మాట్లాడినవాడిని నేను.

గోడమీద పిల్లి:

నా పేరు చూసి నవ్వకండి. ఓటరుకు ఈ సంకటం తెచ్చిపెట్టేది లెక్కింపు పద్ధతి అని నా అనుమానం. మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1969లో భారత రాష్ట్రపతి ఎన్నికలో ఇద్దరు తెలుగువారు, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి తలపడ్డారు. సంజీవరెడ్డి కాంగ్రెసు అధికారిక అభ్యర్థి అయినా అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. సి.డి.దేశ్‌ముఖ్ మూడో అభ్యర్థి. ఆ ఎన్నికలో ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని తన ప్రాధాన్యాలు రాస్తాడు. మొదటి ప్రాధాన్యపు లెక్కలో గిరికి వచ్చిన ఓట్ల విలువ 4,01,515, కావలసినది 4,18,169. అప్పుడు మిగతావారి బ్యాలెట్లలోని రెండో ప్రాధాన్యాలు లెక్కించవలసి వచ్చింది. దేశ్‌ముఖ్ మద్దతుదారులలో ఎక్కువమంది సంజీవరెడ్డి వైపు మొగ్గినా గిరి 4,20,077తో గట్టెక్కారు. తమ అభ్యర్థి మూడో స్థానంలో ఉన్నా దేశ్‌ముఖ్ వర్గం ఓటు వృథా కాలేదు, ఆ ఓటుతో తాము ఎవరికి మేలు చేస్తున్నామో కూడా వారికి తెలుసు. ఫ్లోరిడాలో అదే బ్యాలెట్ ఉంటే నేడర్ పేరు పక్కన 1, గోర్ పేరు పక్కన 2 రాసి హాయిగా నిద్రపోయేవారు. అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో 2020 నుంచి అధ్యక్ష ఎన్నికకు ఇటువంటి పద్ధతే ఉంది.

సందేహి:

పిల్లి గారి మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ పద్ధతి అన్ని రాష్ట్రాలకూ రావాలంటే రెండు పెద్ద పార్టీలే దాన్ని తీసుకురావాలి, పోటీ పెంచుకోవడం వాటికి ఎందుకు ఇష్టం ఉండదో మనందరికీ తెలుసు. వాటిని భయపెట్టే ఓటు లేకపోతే అవి ఎందుకు కదులుతాయి?

హ్యూరాన్ తీరవాసి:

భయపెట్టే ఓటు ఉండాలనే నేనూ అంటాను. కాలిఫోర్నియాలోనో న్యూయార్కులోనో ఉంటే ఈ రోజుకీ గ్రీన్ పార్టీకే వేస్తాను, ఎందుకంటే అక్కడ డెమొక్రాట్ల గెలుపు ఖాయం గనుక ఆ ఓటు సందేశంగా మాత్రమే మిగులుతుంది. 2000లో కొందరు ఇంటర్నెట్‌లో ఒప్పందం చేసుకొని, పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రపు నేడర్ అభిమాని గోర్‌కు, భద్రమైన రాష్ట్రపు గోర్ అభిమాని నేడర్‌కు వేసే పద్ధతి కూడా నడిపారు. నా ఓటు మిషిగన్‌లో ఉంది. వచ్చే ప్రైమరీ తేదీ ప్రకటించగానే దాన్ని వంటింటి క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టిపెడతానని మా ఆవిడకు ఇప్పటికే చెప్పాను.